బొట్టు పెట్టిన పిస్తోలు

చదువుకోవడానికి ఐర్లండ్ వచ్చి, ఖర్చులకు సెక్యూరిటీ పనిలో చేరే మన పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. పని గురించి అడుగుతారేమోనని మొదట్లో సంబరపడేవాణ్ణి. పొద్దంతా నిలబడితే మోకాళ్ళు ఏమవుతాయి, తాగి వచ్చినవాడితో ఎలా మాట్లాడాలి, వానలో గేటు దగ్గర ఏ బూట్లు ఆగుతాయి, ఇలాంటివి ఒక్కడూ అడగడు. అందరిదీ ఒకటే ప్రశ్న.

"అంకుల్, మీరు హైదరాబాద్‌లో గన్ పెట్టుకుని తిరిగారట కదా?"

తిరిగాను. ఆ మాట అనగానే వాళ్ళ చూపు నా ముఖం మీది నుంచి నడుం మీదికి జారుతుంది. అక్కడిప్పుడు పొట్ట తప్ప ఏమీ లేదు. ఆ ఉన్నదాన్ని దాచడం కూడా నా వల్ల కావడం లేదు.

తొమ్మిదో తరగతిలో చదువూ నేనూ విడిపోయాం. ఇద్దరం సుఖపడ్డాం. తర్వాత కొన్నేళ్ళు హైదరాబాదులో ఒక పెద్దమనిషి పక్కన పిస్తోలు మోశాను. నా భార్యకు ఇక్కడి కార్క్ నగరం ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెనక వచ్చి, మిగతా జీవితమంతా సూపర్‌మార్కెట్ గుమ్మాల్లో ఖాళీ చేతులతో నిలబడ్డాను. ఇప్పుడు రిటైరయ్యి, చిన్న ఊరైన నేస్‌లో ఉంటున్నాం. పిస్తోలుతో గడిపిన ఏళ్ళ గురించి వినడానికి అందరూ కుర్చీ దగ్గరికి లాక్కుంటారు. ఖాళీ చేతుల ఏళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఫోను తీస్తారు. అందుకే ఇది రాస్తున్నాను. కాగితమైతే మధ్యలో లేచి వెళ్ళిపోలేరు కదా.

కనబడకూడదు, కానీ అందరికీ తెలియాలి

మా సారు పేరు నర్సింహ. ఊరి చివర భూములు కొని, గీతలు గీసి, ప్లాట్లని అమ్మేవాడు. మొదట ఆయన కారు తోలేవాణ్ణి. ఎవరో పక్క వెంచరు వాడు ఫోన్లో బెదిరించాడని పిస్తోలుకు లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆయన తరఫున దాన్ని మోసే మనిషిగా నా పేరు కూడా రాయించాడు. అలా డ్రైవరు గన్‌మన్ అయ్యాడు. జీతం పెరగలేదు గాని, మీసం పెంచమన్నాడు.

తుపాకుల దుకాణానికి నన్ను వెంట తీసుకెళ్ళాడు. అక్కడ ఆయన అడిగిన తీరు ఇప్పటికీ గుర్తు.

"చిన్నది చూపియ్యి. లాల్చీ కింద ఎవ్వనికి కనబడొద్దు."

దుకాణం ముసలాయన కళ్ళజోడు పైనుంచి చూసి, "చిన్నదైతే గురి కష్టం సారూ. గొట్టం పొట్టిది, పిడి అరచేతిల సగమే ఉంటది. రోజూ కొట్టి నేర్చుకోవాలె" అన్నాడు.

"నేర్చుకుందాం తియ్యి. వెండి రంగుది లేదా?"

ఎంపిక అంతటితో అయిపోయింది. చిన్న పిస్తోలుకు పెద్దదానికంటే ఎక్కువ సాధన కావాలి. చిన్నది కొనేవాడు ఎవడూ ఆ సాధన చెయ్యడు. చెయ్యాలని ఉన్నవాడు చిన్నది కొనడు. నర్సింహ సారు ఒక్కసారి ప్రాక్టీసుకు వెళ్ళి, చెవులు నొప్పి అని తిరిగొచ్చాడు.

ఇక దాచడం. కనబడకూడదని కొన్న వస్తువును పది మందికి చూపించకపోతే ఆయనకు అన్నం సహించేది కాదు. పెళ్ళికి వెళ్తే భోజనాల దగ్గర లాల్చీ పైకి లాక్కుని కూర్చునేవాడు. అప్పటిదాకా నా నడుం మీద ఉన్నది ఫొటోల వేళకు ఆయన నడుం మీదికి మారేది. అరిటాకు ముందు వంగితే దాని పిడి పొట్టలోకి గుచ్చుకుని, పులిహోర మీద పడబోయేవాడు. ఎండాకాలం చెమటకు తుప్పు పట్టకుండా రోజూ తుడవాల్సింది నేను. బాత్‌రూముకి వెళ్తే దాన్ని ఎక్కడ పెట్టాలన్నది పెద్ద సమస్య. మీరు వీడియోల్లో చూసే వీరుడు బాత్‌రూముకి వెళ్ళడు, గమనించారా?

ఇంకో సంగతి. మనల్ని కొట్టాలనుకున్నవాడు ముందుగా ఉత్తరం రాసి, ఇరవై అడుగుల దూరంలో నిలబడడు. భుజం పక్కకు వచ్చాకే వాడు వచ్చాడని తెలుస్తుంది. అప్పుడు చొక్కా ఎత్తి, వేళ్ళతో వెతికి, లాగి, గురి చూసేలోపు వాడు పని ముగించుకుని ఇంటికెళ్ళి టీ తాగుతుంటాడు.

గంధం చేసిన మేలు

దసరా వచ్చింది. సారు భార్య, మా మేడమ్‌గారు ఆయుధపూజ ఘనంగా చేసేవారు. కారు తాళాలు, లెక్కల మిషను, భూమి కొలిచే టేపు, వాటి మధ్య వెండి రంగు పిస్తోలు. తూటాలు తీసి ఇచ్చాను. ఆమె గంధం చిక్కగా కలిపి, గొట్టం మొదలు పిడి దాకా పట్టించి, పైన కుంకుమ బొట్లు పెట్టారు. గంధం సందుల్లోకి కారి గడ్డకట్టింది. మర్నాడు గుడ్డ తీసుకుని కూర్చుంటే ఆమె వచ్చి చెయ్యి పట్టుకుని ఆపారు.

"దేవుని బొట్టు తుడుస్తవా? అదే గద మనల్ని కాపాడేది."

"మేడం, ఇట్లుంటే పేలదు."

"పేలొద్దనే మొక్కిన."

సారును అడిగితే, "ఆమెతోని నాకు లొల్లి పెట్టకు" అన్నాడు. తూటాలు నింపాడు. బొట్టు అలాగే ఉండిపోయింది.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం వెంచరు ఆఫీసులో ఉన్నాం. గేటుకు తాళం వేసి ఉంది. హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒకడు గోడ మీద నుంచి లోపలికి దూకాడు. నేను "ఎవర్రా" అనేలోపే సారు నా నడుం నుంచి పిస్తోలు లాక్కుని, వాడి ఛాతీకి ఎదురుగా పట్టి నొక్కాడు. పేలలేదు. మళ్ళీ నొక్కాడు. ఏదో కిర్రుమంది, అంతే.

హెల్మెట్ లోపలి నుంచి ఏడుపు గొంతు వినబడింది. "బావా! నేను బావా! గేటు తీస్తలేరని దుంకిన!"

మేడమ్‌గారి తమ్ముడు. ఒక చేతిలో మిఠాయి డబ్బా కూడా ఉంది. కొడుకు పుట్టాడని చెప్పడానికి వచ్చాడు.

ఆ సాయంత్రం మేడమ్ దేవుడి ముందు దీపం వెలిగించి చాలాసేపు కూర్చున్నారు. సారు మాత్రం ఆ డబ్బాలోంచి లడ్డూ తింటూ నాతో ఏమన్నాడో చెప్తే నమ్మరు. "ఈ పిస్తోలు మంచిది కాదు. వేరేది మారుద్దాం."

పిస్తోలు మంచిదే. ఆ రోజు ఆ ఆఫీసులో బుద్ధితో నడుచుకున్న వస్తువు అదొక్కటే. భయపడ్డ చేతిలో తుపాకి ముందుగా వెతికేది శత్రువును అనుకుంటారు. అది దగ్గరున్నవాణ్ణి వెతుకుతుంది. దగ్గరుండేది ఎప్పుడూ మనవాళ్ళే.

నోరా పాఠం

కార్క్‌లో నా పైఅధికారి నోరా. భుజాలు వెడల్పు, గొంతు ఇంకా వెడల్పు. మొదటి వారంలోనే ఒకడు రేజర్ బ్లేడ్ల పెట్టెలు కోటులో నింపుకుని తలుపు వైపు నడిచాడు. నేను అడ్డం నిలబడ్డాను. వాడు జేబులోంచి కత్తి తీశాడు. నా కుడి చెయ్యి దానంతట అదే నడుం మీదికి పోయింది. అక్కడ బెల్టు ఉంది.

నోరా వెనక నుంచి వచ్చి, నన్ను భుజం పట్టి పక్కకు జరిపి, తలుపు పూర్తిగా తెరిచి పట్టుకుంది. "ఈ వానలో టోపీ లేకుండా తిరుగుతున్నావా? మీ అమ్మ చూస్తే ఏమంటుంది?" అంది వాడితో. వాడు ఒక క్షణం ఆమెను చూశాడు. కత్తి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. బ్లేడ్లు కూడా వెళ్ళిపోయాయి.

"దొంగను వదిలేశామే" అన్నాను.

"బ్లేడ్లు మళ్ళీ వస్తాయి, లారీలో. నువ్వు లారీలో రావు. ఇంకెప్పుడూ మనిషికీ తలుపుకీ మధ్య నిలబడకు" అంది. తర్వాత నా నడుం వైపు చూపించి, "అవునూ, అక్కడేం వెతికావు?"

చెప్పాను. నవ్వీ నవ్వీ గోడకు ఆనుకుంది. ఇక్కడ పోలీసుల్ని గార్డులంటారు. వాళ్ళలోనే చాలామంది తుపాకి లేకుండా వీధుల్లో తిరుగుతారని ఆమె చెప్తే నేను నమ్మలేదు. ఆ వెంటనే కాగితం తీసి, వాడి ఎత్తు, కోటు రంగు, వెళ్ళిన దారి రాసి, స్టేషన్‌కు ఫోన్ చేసింది. కెమెరాలో ఆ భాగం చెరిగిపోకముందే తీసి పెట్టింది. సాయంత్రానికి వాణ్ణి పట్టుకున్నారు. ఈ పనంటే అదే. పక్కకు జరగడం, చూడడం, చెప్పడం. వీరత్వం కావాలంటే ఇంకో ఉద్యోగం వెతుక్కోండి.

నేస్ ఇంజనీరు

ఇప్పుడు శ్రీకాంత్ గురించి చెప్పాలి. గుంటూరువాడు. మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు, మాకు రెండు వీధుల అవతల ఇల్లు. భార్య పేరు హారిక. సిటిజన్‌షిప్‌కు దరఖాస్తు పెట్టుకుని, ఆ ఉత్తరం కోసం పోస్ట్‌మన్‌ను అల్లుడిలా చూసుకుంటున్న ఇల్లు. ఈ కథ రాయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. పేర్లు మార్చాను. మార్చకపోయినా నేస్‌లో అందరికీ తెలుసు.

ఒక సాయంత్రం బస్‌స్టాప్‌లో కొందరు కుర్రాళ్ళు అతణ్ణి తిట్టి, కళ్ళజోడు పగలగొట్టి, కింద పడేసి తన్నారు. మన వాళ్ళలో కొందరికి ఇలాంటివి జరుగుతున్నాయని వింటూనే ఉన్నాం. అతను ఇంటికెళ్ళి, మెట్ల మీద జారిపడ్డానని ఆఫీసుకు చెప్పాడు. వారం తర్వాత బిస్కెట్ల పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కన్ను చుట్టూ దెబ్బకు కమిలిన పసుపు రంగు ఇంకా ఉంది.

"అంకుల్, మీరు ఫీల్డ్‌లో ఉన్నారు కదా. చిన్నది, జాకెట్‌లో పట్టేది, ఏది మంచిదంటారు?"

"ఏంది తమ్మీ, గొడుగా?"

"జోకులొద్దు అంకుల్. గన్."

"ఈ దేశంల ప్రాణరక్షణకని అడిగితే లైసెన్స్ ఇయ్యరు. కళ్ళల్ల కొట్టే మిరియాల స్ప్రే గూడ నేరమే. గార్డులకు చెప్పినవా?"

"చెప్తే స్టేషన్‌లో నా పేరు ఎక్కుతుంది. సిటిజన్‌షిప్ ఫైల్ మీద ఎఫెక్ట్ పడుద్ది."

"దెబ్బలు తిన్నోని పేరు ఎక్కితే ఏమైతది?"

"పోలీసు రికార్డు పోలీసు రికార్డే కదా అంకుల్. మా నాన్న స్టేషన్ గుమ్మం కూడా తొక్కలేదు జీవితంలో."

మాస్టర్స్ డిగ్రీ ఉన్నవాడు. రోజూ మాత్రల్లో మందు వెంట్రుకవాసి ఎక్కువ పడినా పట్టుకునేవాడు. నేను నవ్వాను. "నీ తెలివికి బొట్టు పెట్టాలె బిడ్డా" అన్నాను. అతను బిస్కెట్లు అక్కడే వదిలి లేచి వెళ్ళాడు. ఆ ఇంట్లో ఇద్దరూ భయంతో ఉన్నారని నాకు తెలుసు. హారిక చీకటి పడకముందే కర్టెన్లు మూసేసేది.

ఆ ఏడాది సెలవుల్లో వాళ్ళు కారుతో సహా ఓడెక్కి యూరప్ తిరిగొచ్చారు. ఈఫిల్ టవర్ ఫొటోలు అందరికీ పంపారు. అక్కడ ఒక ఊళ్ళో దుకాణంలో బహిరంగంగా అమ్ముతుంటే అతను కొన్న వస్తువు ఫొటో మాత్రం పంపలేదు. ఉత్త శబ్దం చేసే పిస్తోలు. తూటా రాదు. చూడ్డానికి మాత్రం అచ్చం అసలుదే. అక్కడ కొనడం తేలికే గాని, ఇక్కడ లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకోవడం నేరం. స్పేర్ టైరు కింద పెట్టి తెచ్చి, వంటింటి ప్రెస్‌లో ఇడ్లీ రవ్వ వెనక దాచాడు. ప్రెస్ అంటే ఇక్కడ అలమర.

దసరా పొద్దున

దసరా రోజు పొద్దున ఫోన్ తెరిస్తే హారిక వాట్సాప్ స్టేటస్. బంతిపూల మధ్య లాప్‌టాప్, కారు తాళాలు, మిక్సీ, శ్రీకాంత్ ఫ్యాక్టరీ ఐడీ కార్డు. వీటన్నిటికీ నడుమ, నిమ్మకాయ పక్కన, నల్లటి పిస్తోలు. గొట్టం చివర పెద్ద కుంకుమ బొట్టు. కింద, "హ్యాపీ దసరా ఫ్రమ్ అవర్ ఫ్యామిలీ."

నాకు వెంచరు గోడ, హెల్మెట్, మిఠాయి డబ్బా గుర్తొచ్చాయి. ఫోన్ చేశాను.

"శ్రీకాంతూ, మీ ఇంట్ల దేవుడు ఏం పట్టుకున్నడు?"

"ఏంటి అంకుల్?"

"స్టేటస్ చూడు."

ఫోన్ బల్ల మీద పడ్డ చప్పుడు. తర్వాత వంటింటి వైపు పరుగు, "హారికా, తీసెయ్, తీసెయ్" అనే కేక. నేను వెళ్ళేసరికి స్టేటస్ పోయింది. కానీ అప్పటికే నేస్, కార్క్, అత్లోన్ ఆంటీలందరూ చూశారు. కొందరు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టారు.

హారిక నన్ను చూడగానే మొదలుపెట్టింది. "ఇది బొమ్మని చెప్పాడు అంకుల్. బొమ్మయితే దాచడమెందుకని నాకూ డౌటే. అయినా ఇంట్లో అసలైన ఆయుధం ఉండగా లాప్‌టాప్‌కి బొట్టు పెట్టి ఊరుకుంటామా?"

ఆయుధపూజ లెక్కన ఆమె అన్నది సబబే.

శ్రీకాంత్ పిస్తోలు వైపు చెయ్యి చాపాడు. "కెనాల్‌లో పడేసి వచ్చేస్తా అంకుల్. జేబులో పెట్టుకుంటే ఎవరికీ కనబడదు."

"దాంతోని రోడ్డెక్కినవంటే ఇంకేం మిగలదు. ముట్టకు. ఫోన్ చెయ్యి."

"ఎవరికి?"

"ఎవరికి చెయ్యనని ఒట్టు పెట్టుకున్నవో, వాళ్ళకు."

"ఉద్యోగం పోద్ది. ఫైల్ పోద్ది. ఇల్లు మొన్ననే కొన్నాం..."

"పోతే పోతది. దొరికిపోతే వేరే, చెప్పుకుంటే వేరే. ఎవరో ఒక ఆంటీ ఇప్పటికే చెప్పే ఉంటది. నువ్వు ముందుండు."

నంబరు నేనే నొక్కి ఇచ్చాను. దాన్ని పట్టుకుని స్టేషన్‌కు రావద్దని, ఉన్నచోటే వదిలి, ముందు గదిలో కూర్చోమని వాళ్ళు చెప్పారు. అలా ఆ వస్తువు పూల మధ్యే ఉండిపోయింది. అగరుబత్తి మాత్రం నేను ఆర్పేశాను. అంత భక్తి అనవసరం.

ఇద్దరు వచ్చారు. ముందున్నది ఒక లేడీ గార్డు, నెమ్మదస్తురాలు. వంటింట్లోకి తొంగిచూసి ఒక్కసారి ఆగింది.

"ఆ ఎర్రది రక్తమా?"

"కాదు. దేవుడు" అంది హారిక కంగారులో.

ఆమె నా వైపు తిరిగింది. పనిముట్లకు ఏడాదికోసారి దండం పెట్టుకుంటామని, అది కుంకుమ అని, మిక్సీకి కూడా ఉంది చూడమని చెప్పాను. మిక్సీని చూసింది. కాస్త ఊపిరి పీల్చుకుంది. రెండో ఆయన చేతి తొడుగులు వేసుకుని పిస్తోలును సంచీలో పెడుతుంటే ఆమె శ్రీకాంత్ ఎదురుగా కూర్చుంది.

"ఎందుకు కొన్నావు?"

"అలంకారానికి. షోకేస్‌లో పెట్టడానికి..."

"ఇంకా అబద్ధాలా?" హారిక తెలుగులో అరిచి, ఇంగ్లీషులో ఆమెకు చెప్పింది. "ఇతణ్ణి బస్‌స్టాప్‌లో కొట్టారు. కింద పడేసి తన్నారు. అప్పటి నుంచి నిద్ర లేదు, మా ఇద్దరికీ లేదు."

గార్డు పెన్ను తీసింది. "ఎప్పుడు? ఎవరికి చెప్పావు?"

"చెప్పలేదు. సిటిజన్‌షిప్ దరఖాస్తు ఉంది. పోలీసు రికార్డు అవుతుందని..."

ఆమె రాయడం ఆపి, పెన్ను బల్ల మీద పెట్టింది. "ఉండు, నాకు అర్థం కానివ్వు. నిన్ను కొట్టారని మాకు చెబితే సిటిజన్‌షిప్ పోతుందనుకున్నావు. అది పోకూడదని పిస్తోలు కొన్నావు."

 నేను చెప్పిన జోకులన్నిటినీ కలిపినా ఆ రెండు వాక్యాల ముందు నిలబడవు. ఆమె అది జోకుగా అనలేదు కాబట్టి నేనూ నవ్వలేదు.

తర్వాత ఆమె దెబ్బల సంగతి మొదటి నుంచి అడిగి రాసుకుంది. "ఆ రోజే చెప్పి ఉంటే బస్సు కెమెరాలో దొరికేవాళ్ళు. ఇప్పుడది చెరిగిపోయి ఉంటుంది" అంది లేస్తూ. శ్రీకాంత్ తల వంచుకున్నాడు. పిస్తోలు పోయినప్పుడు కాదు, ఆ మాటకు ఏడ్చాడు.

మిగిలింది

పిస్తోలు కేసు కాగితాలు గార్డుల పైఅధికారులకు వెళ్ళాయి. చలికాలమంతా ఆ ఇంట్లో తలుపు గంట మోగితే ఇద్దరూ ఒకేసారి లేచేవాళ్ళు. ఫ్యాక్టరీకి తానే వెళ్ళి చెప్పుకున్నాడు. తానే ఫోన్ చేసి అప్పగించాడు కాబట్టి, చివరికి గట్టి హెచ్చరికతో వదిలారు. ఉద్యోగం నిలిచింది. సిటిజన్‌షిప్ మాత్రం ఇంకా రాలేదు. జరిగిందంతా తన చేత్తో రాసి ఆ దరఖాస్తుకు జత చెయ్యాల్సి వచ్చింది. దెబ్బలు తిన్న రోజునే చెప్పి ఉంటే అందులో ఒక్క అక్షరం కూడా రాయక్కర్లేదు. కొట్టిన కుర్రాళ్ళు దొరకలేదు. వాళ్ళలో ఒకణ్ణి చూశానని ఈ మధ్య అతను మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి నాకు కాదు, స్టేషన్‌కు.

పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. జేబులో దాచుకున్న ఆయుధం ముందు మీ మెదడును దాచేస్తుంది. పక్కకు జరగొచ్చు, పరుగెత్తొచ్చు, చెప్పొచ్చు అన్న సంగతులు గుర్తురానివ్వదు. ఇది తెలుసుకోవడానికి మీకు నర్సింహ సారులాగా బామ్మర్ది, శ్రీకాంత్‌లాగా బంతిపూలు అవసరం లేదు.

మొన్న దసరాకు వాళ్ళింటికి భోజనానికి పిలిచారు. పూజలో లాప్‌టాప్, తాళాలు, మిక్సీ ఉన్నాయి. పిస్తోలు ఉన్నచోట శ్రీకాంత్ ఫోను, దాని మీద బొట్టు. బయట గుమ్మం దగ్గర చాప మీద అతని పరుగు బూట్లు. చెప్పుల్ని దేవుడి గదిలోకి రానివ్వనని హారిక అక్కడే వాటికి కుంకుమ పెట్టి, ముందు రెండు నిమ్మకాయలు ఉంచింది. పక్కింటి ముసలాయన కుక్కతో వెళ్తూ ఆగి, అంతా గ్రాండేనా అని అడిగాడు. ఇక్కడ గ్రాండ్ అంటే బాగుందని. గ్రాండే అన్నాం.

హారిక ఫొటో తియ్యడానికి ఫోన్ ఎత్తింది. శ్రీకాంత్ గభాలున చెయ్యి అడ్డం పెట్టి నా వైపు చూశాడు.

"తియ్యనియ్యి తమ్మీ" అన్నాను. "ఆ గార్డమ్మకు గూడ పంపు."